మోగని సీసా

మపలేసా చెయ్యి పట్టుకున్నాను. పట్టుకున్నంత వేగంగానే వదిలేయాలనిపించింది. బతికున్న మనిషి చెయ్యి అలా ఉండకూడదు. వేళ్లు తెల్లగా పాలిపోయి, గోళ్ల చుట్టూ నీలం తిరిగాయి. మణికట్టు దగ్గర నాడి కోసం ఎంతసేపు వెతికినా దొరకలేదు. మోచేతి మడతలో మాత్రం గట్టిగా కొట్టుకుంటోంది.

"చూశారుగా అమ్మా," అంది ఆమె. "గుండె నాదే. చేతులే నావి కావు. ఆయన పట్టుకున్నాడు, వదలడంలేదు."

ఆయనంటే ఆమె భర్త తెఫో. ఆరు వారాల కింద పోయాడు. ముందు చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి. తర్వాత కాలివేళ్లు నల్లబడ్డాయి. ఆ నలుపు మోకాలిదాకా పాకేసరికి మనిషి లేడు. ఇప్పుడు అదే చలి భార్యకు పట్టుకుంది. చచ్చినవాడు పెళ్లాన్ని చెయ్యిపట్టి లాక్కుపోతున్నాడని ఊళ్లో సగంమంది అంటున్నారు. మందుపెట్టి మొగుణ్ణి చంపింది కాక, ఇప్పుడు తనకూ అదే జబ్బని నాటకమాడుతోందని మిగతా సగం.

ఆ రెండో సగానికి నాయకుడు ఇన్‌స్పెక్టర్ ఫాక్వే. రాజధాని నుంచి ప్రత్యేకంగా దిగాడు. దిగడమంటే మామూలుగా కాదు, దారిలో మూడుసార్లు గుర్రం మీంచి దిగాడు, మూడుసార్లూ గుర్రం ఇష్టప్రకారమే. ఈ మధ్యాహ్నం మపలేసాని జిల్లా లాకప్పుకి పంపిస్తానని ఊరందరి ముందూ చెప్పేశాడు. ఆ లాకప్పు నాకు తెలుసు. సిమెంటు నేల, నిప్పు ఉండదు. ఈ కాళ్లతో ఒక్క రాత్రి అక్కడుంటే ఆమె మళ్లీ నడవదు. పైగా మూడోనెల. మపలేసా అంటే 'పలేసా తల్లి'. పెళ్లినాడే అత్తగారు పెట్టిన పేరు. ఆ పలేసా ఇంకా కడుపులోనే ఉంది.

నేను లిపువో, లెసోతోలో ఈ కొండల జిల్లాకి పోలీసు ఇన్‌స్పెక్టర్ని. నిన్న సాయంత్రం కొండెక్కి వచ్చేసరికి ఆ గాలికి తల పగిలిపోయింది. తెఫో తమ్ముడు లెబోనా ఎదురొచ్చి, "మీరు కూచోండమ్మా, నేను చూసుకుంటా" అని నా గుర్రానికి జీను విప్పి, సంచులు లోపల పెట్టి, గడ్డి కూడా వేశాడు. మర్యాద తెలిసిన మనిషి. పొద్దున మపలేసా అత్తగారు, ఆ ముసలమ్మ ఇచ్చిన అల్లం టీ చేదుగా ఉన్నా, తాగాక తలనొప్పి తగ్గింది. ఒళ్లు మాత్రం వేడెక్కనేలేదు. పట్టుకున్న పెన్ను జారిపోతోంది. చలికాలంలో ఈ కొండల మీద ఉద్యోగం ఎవడు చెయ్యమన్నాడని నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఆయన ఎన్నింటికి వస్తాడు?" అని మపలేసాని అడిగాను. దయ్యాన్నయినా సరే, టైము అడక్కుండా వదలడం నాకు చేతకాదు.

"దీపం పెట్టాక. సంకటి తిని పడుకున్న కాసేపటికి. ముందు కాళ్ల దగ్గర కూచుంటాడు. బొటనవేలు పట్టుకుంటాడు. సూదులు గుచ్చినట్టుంటుంది. తర్వాత చేతుల దగ్గరికొస్తాడు." ఆమె గొంతు తగ్గించింది. "బతికున్నప్పుడూ అంతేనమ్మా. బయట్నుంచి రాగానే చల్లటి చేతులు నా మెడమీద పెట్టేవాడు. నేను కెవ్వుమంటే పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడంలేదు."

నాకు వీపు మీద రోమాలు లేచాయి. లేవలేదని అబద్ధం చెప్పను.

"రోజూ వస్తాడా?"

"రోజూ." ఆగింది. "లేదు లేదు. మంచు పడ్డ వారం రాలేదు. కనుమ దారి మూసుకుపోయి గుర్రాలు కూడా తిరగలేదే, ఆ వారం. నా కాళ్లు వెచ్చగా అయిపోయాయి. నన్ను మరిచిపోయాడేమోనని ఏడ్చాను."

గోడల్లోంచి దూరి రాగల దయ్యానికి మంచు అడ్డమా? చచ్చినవాడికి కూడా కనుమ దారి తెరిచి ఉండాలా? ఆ వారం కొండ మీదికి ఎవడు రాలేకపోయాడు, ఏది రాలేకపోయింది?

"మందులేమన్నా వాడుతున్నావా?"

"లేదు." జవాబు మరీ తొందరగా వచ్చింది. ఆమె చూపు పరుపు మీదికి పోయి తిరిగొచ్చింది.

పరుపు పక్కన ఆమె గిన్నె, కప్పు, చెంచా ఉన్నాయి. మైలలో ఉన్న మనిషి వస్తువులు కాబట్టి వేరు, ఇంకెవరూ ముట్టరు. నాటకం కాకపోయినా విషం ఆ గిన్నెలోనే ఉంటుందనీ, గిన్నె ఆమెదే కాబట్టి చెయ్యీ ఆమెదేననీ ఫాక్వే లెక్క. కానీ తెఫో తిన్నది అందరి కుండలోంచి. మొగుడికి కుండలోంచి, పెళ్లానికి గిన్నెలోంచి ఒకే జబ్బు రావాలంటే అది రెండింటికీ సంబంధం లేని దారిన వచ్చి ఉండాలి. ఆ దారి ఎక్కడుందో చూడాలని లేచాను.

తెఫో చివరి రోజులు గడిపిన గుడిసె వాకిట్లో ఫాక్వే నిలబడి ఉన్నాడు. మెడకు ఎర్రటి మఫ్లరు, చేతులకు తోలు తొడుగులు.

"ఏమంటోంది హంతకురాలు?" అన్నాడు.

"మీకు మర్యాదలు చెప్పమంది."

"నవ్వండి, నవ్వండి. ఆ పరుపు పక్కన బేసిన్ చూశారా? రోజూ చన్నీళ్లలో చేతులు నానబెట్టి మీకు చూపిస్తోంది. మీరేమో నాడి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు."

"బేసిన్ అడుగు తిప్పి చూశారా?"

"ఎందుకు?"

"మసి పట్టి ఉంది. పిడకల పొయ్యి మీద పెట్టిన మసి. చన్నీళ్లని ఎవరూ పొయ్యి మీద పెట్టరు ఫాక్వేగారూ. వెచ్చదనం కోసం పెట్టుకుంది పాపం."

ఆయన మొహం మఫ్లరు రంగుకి వచ్చింది. "పోనీ నిజం జబ్బే అనుకుందాం. డాక్టరమ్మగారు ఏం జబ్బో సెలవియ్యండి."

"చేతులూ కాళ్లూ చల్లబడటానికి కారణాలు సవాలక్ష. రక్తం తక్కువైతే చల్లబడతాయి. ఆమె కనురెప్ప కింద ఎర్రగా ఉంది, అది కాదు. మెడలో థైరాయిడ్ మందగించినా చల్లబడతాయి. కానీ అది నెలల తరబడి మెల్లగా వచ్చేది, మంచు పడ్డ వారం సెలవు తీసుకునేది కాదు."

"తెఫో బంగారు గనిలో డ్రిల్లు పట్టాడు. గనివాళ్ల వేళ్లు తెల్లబడవూ?"

"తెల్లబడతాయి. ఏళ్ల తరబడి ఆ అదురుకి నరాలు దెబ్బతింటాయి. మరి ఆమె ఏ గనిలో పట్టింది డ్రిల్లు? పోనీ చుట్ట తాగుతుందా, ముక్కుపొడుం పీలుస్తుందా? అదీ లేదు. కంకిలో నల్ల బూజు పట్టిన ధాన్యం తిన్నా రక్తనాళాలు బిగుసుకుపోయి ఇలాగే అవుతుంది. కానీ అప్పుడు ఇంటిల్లిపాదికీ రావాలి. ముసలమ్మ రాయిలా ఉంది."

"ఇంకేం మిగిలింది మరి?"

"మీరు పక్కకి తప్పుకుంటే చూస్తాను."

తప్పుకున్నాడు, దానికి కూడా కాస్త టైము తీసుకుని. "మధ్యాహ్నం దాకానే," అన్నాడు వెనకనుంచి.

లోపల చీకటిగా ఉంది. మనిషి పోయిన దగ్గర్నుంచి ఆ గుడిసెలో ఎవరూ పడుకోలేదు. తెఫో కంబళి మేకుకి వేలాడుతోంది, భుజాల దగ్గర ఇంకా మనిషి ఆకారం పోలేదు. గాలి లేకపోయినా అది కదిలినట్టయింది. తలుపు నేనే కదా తీశాను, ఆ గాలే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అయినా దానికి వీపు తిప్పడానికి మనసు ఒప్పలేదు. కంబళినే చూస్తూ పక్కకి పక్కకి నడిచి మంచం తలవైపు చేరాను.

అక్కడ, పడుకున్న మనిషి చెయ్యి చాస్తే అందేంత ఎత్తులో, కప్పు గడ్డికి తెల్లటి పోగు ఒకటి చిక్కుకుని ఉంది. ఈ ఇంటివాళ్లకి బొచ్చు మేకల మంద ఉంది, కాబట్టి మేక బొచ్చు ఎక్కడ కనబడినా వింత లేదు. ఫాక్వే అయితే చూసి వదిలేసేవాడు. నేను వేళ్ల మధ్య నలిపాను. వేళ్లకి ఏమీ తెలియలేదు, అంత మొద్దుబారి ఉన్నాయి. పెదవికి రాసుకుని చూశాను. మేక బొచ్చు జారుతుంది, మెరుస్తుంది, నొక్కితే పైకి లేస్తుంది. ఇది నొక్కితే నొక్కినట్టే ఉండిపోయింది. దూది.

గడ్డిలోకి చెయ్యి పెట్టాను. మోచేతిదాకా పోయాక గట్టిగా ఏదో తగిలింది. లాగితే తెల్ల ప్లాస్టిక్ సీసా. చీటీ గోకేసి ఉంది. ఊపాను. చప్పుడు రాలేదు. మూతని అరచేతుల మధ్య ఇరికించి తిప్పితే, పైన నిండా దూది. దాని కింద లేత పసుపు రంగు పొడుగాటి బిళ్లలు.

మంచం మీద కూలబడ్డాను, చచ్చినవాడి మంచమని కూడా చూసుకోకుండా.

మా లెసోతోలో ఆ దూది సంగతి తెలియనివాళ్లు లేరు, తెలుసని చెప్పేవాళ్లూ లేరు. హెచ్ఐవీ మందులు సీసాలో ఇస్తారు. సంచిలో వేసుకుని నడిస్తే గలగలమంటాయి. టాక్సీలో ఆ చప్పుడు వింటే పదిమంది తలలూ నీవైపే తిరుగుతాయి. అందుకని దూది కుక్కుతారు. మందు దాస్తారు, జబ్బు దాస్తారు, దాచిన సంగతి కూడా దాస్తారు. పైగా ఈ పసుపు బిళ్లలు అందరికీ ఇచ్చేవి కావు. మొదటి మందులు పనిచెయ్యడం మానేసినవాళ్లకి ఇచ్చే రెండో రకం.

మపలేసా దగ్గరికి తిరిగి వెళ్లి, సీసా చూపించకుండా, ఒకే మాట అడిగాను.

"నీది మోగుతుందా?"

ఆమె నన్ను చూసింది. ఇన్నాళ్లూ భయంతో బిగబట్టుకున్నదంతా ఆ మొహంలోంచి ఒక్కసారిగా జారిపోయింది. మొద్దు చేతులతో పరుపు కుట్టు విప్పి తనూ ఒక సీసా తీసింది.

"మోగదమ్మా," అంది ఏడుస్తూ. "ఆయనే కుక్కాడు దూది. రెండింట్లోనూ."

"అత్తగారికి తెలుసా?"

"చచ్చినా తెలియకూడదన్నాడు. అమ్మ తట్టుకోలేదన్నాడు. ఒక్క లెబోనాకే తెలుసు. క్లినిక్కు పెట్టెలు గుర్రం మీద ఈ కొండలన్నిటికీ చేరవేసేది అతనే కదా. మావి దాచి తెచ్చిచ్చేవాడు. దేవుడులాంటి మరిదమ్మా."

"ఇవి కాక ఇంకేం వేసుకుంటావు?"

"ఇంకేం లేవు. తలనొప్పి బిళ్లలు, అంతే. ఏడ్చి ఏడ్చి తల పోటు పెడుతుందని అత్త ఇస్తుంది. రాత్రి తిన్నాక రెండు. ఆయనకీ ఇచ్చేది, గనిలోంచి వచ్చిన దగ్గర్నుంచీ తలనొప్పే ఆయనకి."

ఆ తలనొప్పి బిళ్లల్లో ఒక రకం ఉంది. తలలో ఉబ్బిన నాళాల్ని బిగించి నొప్పి తగ్గిస్తుంది. మామూలు మనిషికి ఒకటి వేస్తే పని చేసి వెళ్లిపోతుంది. ఈ పసుపు బిళ్లలు ఒంట్లో ఉంటే మాత్రం వెళ్లదు. బయటికి పోయే దారి అవి మూసేస్తాయి. తలలో నాళాలతోపాటు చేతుల్లోవీ కాళ్లల్లోవీ బిగుసుకుంటూ పోతాయి, రక్తం చివర్లకి చేరడం మానేస్తుంది.

"ఇక ఆ బిళ్ల ముట్టకు. నేను చెప్పేదాకా ఎవరు ఏమిచ్చినా తాగొద్దు, తినొద్దు. నిన్ను పట్టుకుంది మీ ఆయన కాదు తల్లీ, ఆ బిళ్ల. ఆస్పత్రికి తీసుకెళ్తాను, చేతులు నీకు మళ్లీ వస్తాయి."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తన చేతులు ఎత్తి చూసుకుంది.

"అయితే ఆయన రాలేదా?" అంది. "ఒక్కసారి కూడా రాలేదా?"

ఆమె భుజం మీద నల్లబట్ట సరిచేసి బయటికి వచ్చేశాను.

ముసలమ్మ మతెఫో, అంటే తెఫో తల్లి, ఇంటి వెనక వంటగుడిసెలో జొన్నపిండి పులియబెడుతోంది. బిళ్లల మాట ఎత్తగానే రొంటిన దోపుకున్న ముక్కుపొడుం డబ్బీ తీసి గర్వంగా తెరిచింది. ఒకవైపు పొడుం, ఒకవైపు తెల్లటి చిన్న బిళ్లలు.

"మంచి మందు తల్లీ. మా లెబోనా సరిహద్దు అవతల్నుంచి తెప్పిస్తాడు. రోజూ ఒకటి నేనూ వేసుకుంటా. నాకేమయింది? చూడు నా చేతులు!"

నా చెంపకి ఆనించి చూపించింది. పొయ్యిలోంచి తీసిన రొట్టెలా వెచ్చగా ఉన్నాయి. ఒకే డబ్బీలో బిళ్ల మూడు నోళ్లలో పడింది. ఒకరు పోయారు, ఒకరు పోతున్నారు, ఒకరు నవ్వుతున్నారు. తేడా అంతా ఆ మోగని సీసాలోనే ఉంది.

"మంచు పడ్డ వారం ఇచ్చావా కోడలికి?"

"ఎక్కడ! డబ్బీ ఖాళీ. వీడు రావడానికి దారేదీ? దారి తెరవగానే తెచ్చాడు. కోడలు తిండి సరిగ్గా తినడంలేదురా అంటే, అయితే రెండేసి ఇవ్వమ్మా, ఇద్దరు మనుషుల ప్రాణం కదా అన్నాడు."

"ఇద్దరని అతనికెవరు చెప్పారు?"

"నేనే. కడుపుతో ఉందని తెలిసినరోజే ముందు వాడికే చెప్పా. అన్న ఇల్లు నిలబడిందిరా, మందా పొలమూ ఆ బిడ్డవి, నువ్వే కాపాడాలిరా అన్నా. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు పాపం. ఆ రోజే మొదటిసారి దాని తలనొప్పికి బిళ్ల తెచ్చాడు." ఆమె పిండి కలపడం ఆపింది. "నా తెఫోకి కూడా నా చేత్తోనే వేశాను తల్లీ, ఆఖరి రోజుదాకా. మింగలేకపోతే నలిపి నీళ్లలో కలిపి పోశా. అంత చల్లటి చేతులతో నా చెయ్యి పట్టుకునేవాడు, వెచ్చగా ఉంది అమ్మా అనేవాడు."

నేను పోలీసుని. ఎందరో తల్లులకి ఎన్నో వార్తలు చెప్పాను. ఈ తల్లికి ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. డబ్బీ మాత్రం చేతిలోంచి తీసుకున్నాను. రెండుసార్లు జారి కిందపడింది. మూడోసారి రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని బయటికి పరుగెత్తాను.

మపలేసా పరుపు ఖాళీగా ఉంది.

వాకిట్లో ఊరి పెద్ద, పదిమంది ఆడవాళ్లు, మధ్యలో ఫాక్వే నిలబడి ఉన్నారు. ఫాక్వే గుర్రం లేదు.

"ఆమె ఏది?"

"పంపించేశా. మీరు ముసలమ్మతో ముచ్చట్లలో ఉన్నారు కదా అని పిలవలేదు. నా గుర్రం మీదే పంపాను, నాకంటే దానికే దారి బాగా తెలుసు."

"ఎవరితో పంపారు?"

"క్లినిక్కు మనిషితో. లెబోనా. తనే ముందుకొచ్చాడు, వదినని జాగ్రత్తగా దించుతానని. ఈపాటికి కనుమ ఎక్కుతూ ఉంటారు."

"మీరు పంపింది హంతకుడితో!"

ఊరి పెద్ద చేతికర్ర నేలకి ఆనించి దగ్గరికొచ్చాడు. "మాట తూచి మాట్లాడమ్మా. లెబోనా మా బిడ్డ."

డబ్బీ, సీసా రెండూ ఆయన ముందు పెట్టాను. చెప్పాల్సింది నాలుగు మాటల్లో చెప్పాను. ఫాక్వే చప్పట్లు కొట్టాడు, తోలు తొడుగుల మీద అది మెత్తగా వినబడింది.

"బాగుంది కథ. ఈ బిళ్లా ఆ బిళ్లా కలిస్తే కాళ్లూ చేతులూ చస్తాయని మీకెవరు చెప్పారు? ఏ డాక్టరు? ఏ కాలేజీలో చదివారు మీరు? గోకేసిన సీసా చూసి లోపలున్నది ఏ జబ్బు మందో, ఏ రకమో చెప్పేస్తున్నారే! ఎలా తెలుసు లిపువోగారూ? అది చెప్పండి, ఇప్పుడే మనుషుల్ని పంపిస్తా."

అందరూ నావైపే చూస్తున్నారు. ఆ ఆడవాళ్లు, వాళ్ల చెల్లెళ్లు, వాళ్ల టాక్సీ డ్రైవర్లు, రేపటికల్లా జిల్లా అంతా, ఎల్లుండికి నా స్టేషనూ. తొమ్మిదేళ్లుగా కడుపులో దాచుకున్న మాట. నా అక్కకి కూడా తెలియదు. కానీ కనుమ మీద ఒక మనిషి గుర్రమెక్కి పోతోంది, చేతుల్లో పట్టు లేని మనిషి. జీను పట్టుకోలేదు, కళ్లెం పట్టుకోలేదు. ఆమెని ఎవరూ తొయ్యక్కర్లేదు, గుర్రాన్ని ఒక్కసారి అదిలిస్తే చాలు.

గుమ్మం లోపల గూటానికి తగిలించిన నా జీను సంచిలోంచి సీసా తీశాను.

"క్లినిక్కులో నర్సు చెప్పింది. ఈ బిళ్లలు వేసుకుంటున్నంత కాలం ఆ తలనొప్పి మందు జోలికి పోవద్దు, వేళ్లు రాలిపోతాయి అని కూచోబెట్టి చెప్పింది. ఎందుకు చెప్పిందంటే నేనూ ఇవే వేసుకుంటాను కాబట్టి. చీటీ లేకపోయినా గుర్తుపట్టగలను, రోజూ చూస్తాను. ఆ దూది ఎందుకో కూడా నాకొకరు చెప్పక్కర్లేదు. నాది కూడా మోగదు. నేనే కుక్కాను. ఇదిగో."

సీసా ఎత్తి ఊపాను.

గలగలమంది.

వాకిలంతా వినబడేంత స్పష్టంగా. మళ్లీ ఊపాను, నమ్మలేక. మళ్లీ గలగలమంది. నిన్న పొద్దున స్టేషన్లో మూత పెట్టింది నేనే, దూది పెట్టింది నేనే. రాత్రి ఒక బిళ్ల తీసుకున్నప్పుడు తిరిగి పెట్టిందీ నేనే. ఆ తర్వాత ఎవరో ఈ మూత తీశారు. ఇవి ఏ బిళ్లలో చూడటానికి తీశారు, చూశారు, దూది మళ్లీ పెట్టడం మరిచిపోయారు. నిన్న జీను విప్పింది ఎవరు? సంచులు లోపల పెట్టింది ఎవరు? నేను నిద్రపోయాక అవెక్కడున్నాయో తెలిసింది ఎవరికి?

సీసా పట్టుకున్న నా చేతిని అప్పుడు చూసుకున్నాను. ఎత్తి పట్టుకున్నాను కాబట్టి అందరికంటే ముందు నాకే కనబడింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి. గోళ్ల చుట్టూ నీలం.

వెనకనుంచి మతెఫో వచ్చింది, కొంగుకి చేతులు తుడుచుకుంటూ. ఇక్కడ జరిగిందేమీ ఆమెకి తెలియదు.

"డబ్బీ పట్టుకుపోయావేం తల్లీ? మళ్లీ నొప్పి వచ్చిందా? పొద్దున తగ్గిందన్నావే! లెబోనా చెప్పాడులే, ఈ అమ్మ మొండిది, అడిగితే వేసుకోదు, రెండు నలిపి టీలో వెయ్యమ్మా, అల్లం ఎక్కువ వేస్తే తెలియదు అని."

ఊరి పెద్ద కర్ర జారి కిందపడింది, ఆయన వంగి తీసుకోలేదు.

"పెద్దయ్యా," అన్నాను. "మీ కుర్రాళ్లని అడ్డదారిన పరుగెత్తించండి."

"పంపుతానమ్మా. కానీ అటు మంచు గడ్డకట్టి ఉంది, వాళ్లు చేరేసరికి... గుర్రాలేమో అన్నీ సంతకి దిగాయి."

"నా గుర్రం ఉందిగా."

ఫాక్వే నా చేతులవైపు చూస్తున్నాడు. ఆయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. "నాకు ఆ దారిన గుర్రం నడపడం రాదు," అన్నాడు మెల్లగా, ఊరందరి ముందూ. "మీరు... మీరు కళ్లెం కూడా పట్టుకోలేరు కదమ్మా."

మొదటిసారి అమ్మా అన్నాడు.

"పట్టుకోలేను. ఎక్కించి, కళ్లెం నా మణికట్టుకి కట్టెయ్యండి. ఆమెని అందుకుంటే ఇద్దరం ఒకే ఆస్పత్రికి పోతాం. ఆ సీసాలూ డబ్బీ మీ జేబులో పెట్టుకుని కాలినడకన దిగండి. మధ్యలో ఎవరికీ ఇవ్వొద్దు."

నన్ను జీను మీదికి ఎత్తింది ఫాక్వేనే. పాదాల్ని రికాబుల్లోకి తనే దూర్చాడు. అవి దూరాయో లేదో నేను వంగి చూసుకోవలసి వచ్చింది. తర్వాత మెడలో ఎర్ర మఫ్లరు తీసి, పళ్లతో పట్టుకుని నిలువునా చించి, కళ్లేన్ని నా రెండు మణికట్లకీ కలిపి కట్టాడు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు. చాలా గట్టిగా కట్టాడట.

నాకు ఏమీ తెలియలేదు.